కాణిపాకంలో ప్రమాణం చేసి వచ్చాక మళ్లీ తాగుడు: దీనిపై పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

ప్రశ్న: చిత్తూరు అక్క

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. మా తమ్ముడికి ఇంకా నలభై ఏళ్లు నిండలేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ తోలే లారీ నడుపుతాడు. సీజనులో రాత్రింబగళ్లు బండి మీదే ఉండవలసి వచ్చిన రోజుల్లో మొదలైన తాగుడు ఇప్పుడు తెల్లవారి లేవగానే కొంత పడితే తప్ప చేతి వణుకు ఆగని స్థితికి వచ్చింది. మా వైపు ఇటువంటి మనిషిని పెద్దలు కాణిపాకం తీసుకువెళ్లి, కోనేటిలో స్నానం చేయించి, వరసిద్ధి వినాయకుడి ఎదుట ఇక తాగనని ప్రమాణం చేయిస్తారు. ఆ స్వామి ముందు మాట ఇచ్చి తప్పినవారికి శిక్ష తప్పదని మా నమ్మకం. నేనూ నమ్ముతాను.

మా తమ్ముడు ఆ ప్రమాణం పలుమార్లు చేశాడు. చేసిన ప్రతిసారీ మనస్ఫూర్తిగానే చేశాడు. మొదట్లో నెలల తరబడి నిలబడ్డాడు. కడపటిసారి మాత్రం మరుసటి రోజుకే ఒళ్లంతా చెమటలు, వణుకు పట్టుకున్నాయి. ఆ రాత్రి ఫిట్స్ వచ్చాయి. తర్వాత గోడ మీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో పిలుస్తున్నారని కేకలు వేశాడు. పాత ప్రమాణాలు తప్పినందుకు స్వామి ఆగ్రహించాడని మా అమ్మ ముడుపు కట్టింది. ఊళ్లోని ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజు సెలైను పెట్టాడు. చివరికి బంధువు ఒకాయన కొంచెం బ్రాందీ తాగిస్తే కాసేపటికే వణుకు తగ్గింది. దానితో ప్రమాణం కూడా పోయింది. ‘ఎలాగూ తప్పాను, ఇక నన్ను దేవుడే వదిలేశాడు’ అని అప్పటినుండి మునుపటికన్నా ఎక్కువ తాగుతున్నాడు.

నాకు అంతుపట్టనిది మరొకటి ఉంది. కొన్నేళ్ల క్రితం వరకు ఏటా అయ్యప్ప మాల వేసుకుని, మండల దీక్ష నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టేవాడు కాదు. అన్నాళ్లు ఉండగలిగినవాడు మాల తీసిన కొద్ది రోజులకే మళ్లీ బ్రాందీ షాపు దగ్గర ఎందుకు కనబడేవాడు? ఇది మనసు బలహీనత అని మా బంధువులు అంటారు. జబ్బు అని పత్రికల్లో చదువుతున్నాను. ఈ విషయంలో నిజంగా పరిశోధన చేసినవారు ఏమి తేల్చారో, చికిత్స ఉంటే దాని వలన ఎంతమందికి మేలు జరుగుతుందో తెలిసినవారు చెప్పగలరు. అన్నంలో తెలియకుండా కలిపి పెడితే తాగుడు మానిపించే మాత్ర ఉందని కూడా ఒకరు చెప్పారు; పెట్టవచ్చునా?

జవాబు: తిరుపతిలో మానసిక వైద్యం చదువుతున్న వైద్యురాలు

అక్కగారికి నమస్కారం. అన్నిటికన్నా ముందు మీ అమ్మగారికి ఒక మాట చెప్పండి. ఆ రాత్రి మీ తమ్ముడికి వచ్చినది శిక్ష కాదు. చాలాకాలం రోజూ తాగిన శరీరం నుండి మద్యాన్ని ఒక్కసారిగా తీసివేసినప్పుడు కలిగే ప్రమాదకరమైన స్థితి అది. ఆయన మాట తప్పినందుకు కాదు, మాట నిలబెట్టుకుని తాగడం ఆపినందుకే అది వచ్చింది.

మద్యం మెదడులో గాబా అనే రసాయనపు పనిని పెంచి నాడీకణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. గ్లుటమేట్ అనే రెండో రసాయనపు పనిని అణచిపెడుతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగితే, ఆ అణచివేతకు ఎదురుగా మెదడు తన ఉద్రేకాన్ని తానే పెంచుకుని సర్దుబాటు చేసుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగినప్పుడు ఆ పెరిగిన ఉద్రేకం అలాగే మిగిలిపోతుంది. చివరిసారి తాగిన ఆరు గంటల తర్వాత ఎప్పుడైనా వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. ఆరు నుండి నలభై ఎనిమిది గంటల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజుల నాటికి కొందరిలో లేనివి కనిపించడం, వినిపించడం, తాను ఎక్కడున్నదీ తెలియకపోవడం సంభవిస్తాయి. ఈ చివరి దశను డెలిరియం ట్రెమెన్స్ అంటారు. ఇది ప్రాణాంతకం కాగలదు. బ్రాందీతో తగ్గడానికి కారణం కూడా మీకు అర్థమై ఉంటుంది: కొరవడిన మద్యాన్ని మళ్లీ అందించారు. ఆసుపత్రిలో అదే పనిని మద్యం లేకుండా చేస్తారు. గాబా మీదనే పనిచేసే క్లోర్‌డయజిపాక్సైడ్, డయజిపామ్ వంటి మందులను మొదట తగినంత మోతాదులో ఇచ్చి, కొద్ది రోజుల్లో క్రమంగా తగ్గించి ఆపుతారు. కాలేయం దెబ్బతిన్నదని అనుమానం ఉంటే లోరాజిపామ్ ఎంచుకుంటారు.

గ్లూకోజు సెలైను విషయం ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే మన పల్లెల్లో ఇది రోజూ జరుగుతున్నది. ఎక్కువగా తాగేవారిలో విటమిన్ బి1, అంటే థయమిన్, చాలా తక్కువగా ఉంటుంది. శరీరం గ్లూకోజును వాడుకోవడానికి ఆ విటమిన్ కావాలి. దాన్ని ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి నిల్వ కూడా ఖర్చయిపోయి, వెర్నికీ ఎన్‌సెఫలోపతి అనే మెదడు వ్యాధి తలెత్తవచ్చు. చూపు చెదరడం, నడక తూలడం, మతి తప్పడం దాని లక్షణాలు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. అందువలన థయమిన్ ఇంజెక్షను ముందుగా, కనీసం గ్లూకోజుతో పాటుగా, ఇవ్వాలి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించిన విషయం మీరు మామూలుగా రాసిన ఒక వాక్యంలో ఉంది. మొదట్లో ప్రమాణం తర్వాత నెలల తరబడి నిలబడ్డాడు, కడపటిసారి ఫిట్స్ వచ్చాయి అన్నారు. వైద్యం లేకుండా పదేపదే హఠాత్తుగా ఆపడం వలన ప్రతి తదుపరి ఆపుదల మరింత తీవ్రమవుతుందని 1978లో బాలెంజర్, పోస్ట్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. తర్వాతి పరిశీలనలు చాలావరకు దానిని బలపరిచాయి. ఒకసారి ఫిట్స్ వచ్చినవారికి మరోసారి వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి దయచేసి ఆయనను ఇక ఇంట్లో ఉంచి హఠాత్తుగా మానిపించవద్దు. ప్రమాణం గానీ, మాల గానీ వేయించాలని ఉంటే, ఆసుపత్రిలో ఉంచి ఈ మొదటి రోజులు గడిచిన తర్వాతే వేయించండి. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉంది. మీకు దగ్గరలో వేలూరు సీఎంసీ వారి మానసిక వైద్య విభాగం బాగాయంలో ఉంది.

జవాబు: మనస్తత్వశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకుడు, తిరుపతి

అమ్మా, వైద్యురాలు శరీరం సంగతి చెప్పారు. ‘ఎలాగూ తప్పాను’ అని మీ తమ్ముడు అన్న మాట గురించి నేను రాస్తాను, ఎందుకంటే వ్యసన పరిశోధనలో ఒక ముఖ్యమైన అధ్యాయం ఆ మాట మీదే నడిచింది. అలాన్ మార్లాట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, జుడిత్ గోర్డన్‌తో కలిసి 1985లో వెలువరించిన రచనలో దీనిని వివరించాడు. పూర్తిగా మానేస్తానని గట్టి నియమం పెట్టుకున్న మనిషి ఒక్కసారి తప్పినప్పుడు, ఆ తప్పును ఆనాటి పరిస్థితికి కాక తన స్వభావానికి ఆపాదించుకుంటాడు; నేను ఇంతే, నా వల్ల కాదు అనుకుంటాడు; ఆ అపరాధ భావాన్ని భరించలేక మళ్లీ తాగుతాడు. ఒక గ్లాసుతో ఆగవలసినది నెలల తాగుడుగా మారడానికి మద్యం ఎంత కారణమో ఈ ఆలోచన కూడా అంత కారణం. నియమం ఎంత పవిత్రమైనదైతే, తప్పినప్పుడు కలిగే కుంగుబాటు అంత లోతుగా ఉంటుంది. కాణిపాకం ప్రమాణానికి ఉన్న బలం అదే, దానిలో పొంచి ఉన్న ప్రమాదమూ అదే. పైగా మీ తమ్ముడు తానుగా తాగలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మీరే తాగించారు. ఈ విషయం ఆయనకు ఇంట్లో ఎవరైనా స్పష్టంగా చెప్పారా? చెప్పకపోతే వెంటనే చెప్పండి. మీ పెద్దలు నమ్మే అర్చకుల చేత చెప్పించగలిగితే ఇంకా మంచిది.

ఇక నలభై ఒక్క రోజుల సంగతి. అప్పట్లో శరీరం ఇంతగా మద్యానికి కట్టుబడి ఉండకపోవచ్చు, అది ఒక కారణం. రెండవది, దీక్షలో మారేది మనసు ఒక్కటే కాదు. బట్టలు మారతాయి, తెల్లవారుజామున లేవడం, చన్నీటి స్నానం, తిండి, పడక మారతాయి. అందరూ స్వామీ అని పిలుస్తారు. తాగే మిత్రులు తామే దూరంగా ఉంటారు. సాయంత్రం గడపడానికి భజన ఉంటుంది. మాల తీసిన రోజున ఇవన్నీ ఒకేసారి తొలగిపోతాయి. అదే లారీ, అదే మలుపు, అదే దుకాణం ఎదురవుతాయి.

పరిసరాలకు ఇంత శక్తి ఉంటుందా అని సందేహం రావచ్చు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు చాలామంది హెరాయిన్ వాడారు. ఇరవై శాతం వరకు అక్కడ ఉండగా దానికి బానిసలయ్యారు. 1971లో తిరిగి వచ్చిన సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు అనుసరించి చూసినప్పుడు, అక్కడ బానిసలైనవారిలో కొద్దికాలమైనా తిరిగి వ్యసనంలో పడినవారు మూడేళ్లలో 12 శాతం మాత్రమే ఉన్నారు. యుద్ధం, భయం, చౌకగా చేతికందే మత్తు, వాటితో ముడిపడిన మనుషులు అన్నీ అక్కడే ఉండిపోయాయి. మీ తమ్ముడి పరిస్థితి అందుకు సరిగ్గా వ్యతిరేకం. ఆయన దీక్ష ముగించి, వ్యసనం పుట్టిన చోటికే తిరిగి వచ్చేవాడు.

మళ్లీ తాగడాన్ని చికిత్స ఓటమిగా చూడకూడదని 2000 సంవత్సరంలో మెక్‌లెల్లన్, ఆయన సహచరులు ఒక ప్రసిద్ధ వ్యాసంలో వాదించారు. వ్యసన చికిత్స తర్వాత తిరిగి వాడేవారు 40 నుండి 60 శాతం ఉంటే, రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో మందులు, నియమాలు తప్పి జబ్బు తిరగబెట్టేవారు 50 నుండి 70 శాతం ఉన్నారని వారు చూపారు. బీపీ పెరిగిన మనిషిని ఎవరమూ బలహీనుడని నిందించము. మాత్ర మార్చి మళ్లీ రమ్మంటాము.

జవాబు: పలమనేరు గృహిణి

మా ఇంటాయన తాగుడు మాని కొన్నేళ్లు గడిచాయి. అక్కా, ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తర్వాతి మూడు నెలలే మాకు అసలు కష్టం. కూలి డబ్బు చేతికి వచ్చే రోజున నేనే ఎదురు వెళ్లేదాన్ని. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు ఆ ఏడాది దూరంగా ఉన్నాము. ఆసుపత్రి వారు రమ్మన్న తేదీ దాటనివ్వలేదు. ఒంట్లో బాగుంది కదా అని మానేద్దామన్న రోజుల్లోనే పట్టుబట్టి తీసుకువెళ్లాను. లారీ పనిలో రాత్రి ప్రయాణాలు కొంతకాలం మాన్పించగలిగితే చూడండి.

జవాబు: చంద్రగిరి ఔషధ నిపుణుడు

అన్నంలో కలపాలనుకుంటున్న మాత్ర గురించి రాస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి. అది చాలావరకు డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. మద్యం శరీరంలో మొదట అసిటాల్డిహైడ్‌గా, తర్వాత హాని లేని ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ రెండో మెట్టును నడిపించే ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. అప్పుడు తాగితే విషపదార్థమైన అసిటాల్డిహైడ్ పేరుకుపోయి ముఖం ఎర్రబడడం, తల పగిలే నొప్పి, వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవడం కలుగుతాయి. 1940లలో డెన్మార్కులో ఎరిక్ జాకబ్‌సన్, యెన్స్ హాల్డ్ అనేవారు ఈ ప్రభావాన్ని గుర్తించి చికిత్సకు తెచ్చారు. మాత్ర వేసుకున్నానని రోగికి తెలిసి, తాగితే ఏమవుతుందో తెలిసి, ఆ తెలివే అతన్ని ఆపాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. తెలియకుండా పెడితే ఆ ఆలోచనే పోతుంది. మిగిలేది విషప్రభావం మాత్రమే. గుండెజబ్బు ఉన్నవారిలో, ఎక్కువ తాగినవారిలో అది ప్రాణం తీయవచ్చు. తాగి పన్నెండు గంటలైనా గడవనిదే ఈ మందు మొదలుపెట్టకూడదు. తాగిన మత్తులో ఉన్నవారికి, విషయం తెలియనివారికి ఎన్నడూ ఇవ్వకూడదని దాని వివరపత్రంలోనే స్పష్టంగా ఉంటుంది. ఆపిన తర్వాత కూడా రెండు వారాల వరకు ప్రభావం ఉండవచ్చు. వైద్యుని సలహాతో, రోగి సమ్మతితో వాడేవారు కూడా దగ్గు సిరప్పులు, టానిక్కులు, ఆయుర్వేద ఆసవ అరిష్టాల విషయంలో జాగ్రత్త పడాలి, ఎందుకంటే వాటిలో ఆల్కహాలు ఉంటుంది. సంతల్లో, బస్టాండుల్లో పొట్లాలు కట్టి అమ్మే పొడుల్లో ఏమి కలుపుతారో అమ్మేవారికే తెలియదు. వాటి జోలికి వెళ్లవద్దు.

ఎంతమందికి మేలు జరుగుతుందని అడిగారు. 2023లో ఒక అమెరికా వైద్య పత్రిక, తాగుడు మాన్పించే మందులను మనుషులకు ఇచ్చి చూసిన 118 పరీక్షలలో పాల్గొన్న సుమారు 21,000 మంది ఫలితాలను కలిపి చూసిన సమీక్షను ప్రచురించింది. రోజుకు 50 మిల్లీగ్రాముల నాల్‌ట్రెక్సోన్ మాత్ర వాడిన పదకొండు మందిలో, ఆ మందు లేకపోతే మళ్లీ విపరీతంగా తాగి ఉండేవారు ఒకరు ఆగుతున్నారు. అకాంప్రొసేట్ అనే మరో మందు వాడిన పదకొండు మందిలో, లేకపోతే మళ్లీ తాగడం మొదలుపెట్టి ఉండేవారు ఒకరు పూర్తిగా మానగలుగుతున్నారు. ఇది అద్భుతం కాదు, కానీ మన దేశంలో రోజూ నమ్మి వాడుతున్న ఎన్నో మందుల కన్నా తక్కువ మేలు కాదు. ఈ మందులకు కౌన్సెలింగ్ తోడైన పరీక్షల్లోనే ఈ ఫలితాలు ఎక్కువగా వచ్చాయి. నాల్‌ట్రెక్సోన్ వాడేటప్పుడు ట్రమడాల్ వంటి నొప్పి మందులు తీసుకోకూడదు. లారీ నడిపేవారు నడుము నొప్పికి అటువంటివి వేసుకోవడం మామూలు కనుక వైద్యునికి ముందుగా చెప్పండి.

చిత్తూరు అక్క

ప్రతి ఒక్కరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మాత్ర కలిపే ఆలోచన విడిచిపెట్టాను. స్వామి శిక్ష కాదన్న మాట మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. కానీ తమ్ముడు ఆసుపత్రి మాట ఎత్తితే లేచి వెళ్లిపోతున్నాడు. మనుషులను పంపి బలవంతంగా ఎత్తుకువెళ్లి, కొన్ని నెలలు గదిలో పెట్టి మానిపించే కేంద్రం ఒకటి ఉందని మా చిన్నాన్న అంటున్నారు. అది తప్ప దారి లేదా? మరొక సంగతి, పోయిన ఏడాది కామెర్లు వచ్చినప్పుడు తీసిన స్కానింగులో కాలేయం వాచిందని రాశారు.

జవాబు: కౌన్సెలర్, చిత్తూరు

అక్కా, ఆ దారి వద్దు. వ్యసనం వలన కలిగే మానసిక స్థితులు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. ఆ చట్టం ప్రకారం చికిత్స కేంద్రం నమోదై ఉండాలి. గొలుసులతో కట్టివేయడం పూర్తిగా నిషిద్ధం. రోగి తన ప్రాణానికి గానీ ఇతరులకు గానీ ప్రమాదం తెచ్చుకునే స్థితిలో ఉంటే, నిపుణులు ఇద్దరు విడివిడిగా పరీక్షించి, నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున మాట్లాడే మనిషి) కోరిక మీద మొదట 30 రోజుల వరకు చేర్చుకునే మార్గాన్ని చట్టమే చూపింది. ఫిట్స్, మతిభ్రమ మళ్లీ వస్తే అది అత్యవసరం. అప్పుడు సమ్మతి గురించి తర్జనభర్జన పడకుండా 108కి ఫోన్ చేయండి. తలుపు వేసి బాదే చోట, అందునా వైద్యుడు లేని చోట, మీ తమ్ముడి వంటి మనిషి మొదటి రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఒప్పుకోని మనిషిని ఒప్పించడం మీద మంచి పరిశోధన ఉంది. 1999లో విలియం మిల్లర్, రాబర్ట్ మేయర్స్, స్కాట్ టోనిగన్ అనేవారు చికిత్సకు రాని తాగుబోతుల కుటుంబ సభ్యులు 130 మందిని మూడు జట్లుగా చేశారు. కుటుంబమంతా ఒకరోజు కూర్చుని నిలదీసే పద్ధతి నేర్పిన జట్టులో 30 శాతం మంది, తాగేవారి కుటుంబ సభ్యులే ఒకరికొకరు తోడుగా నడుపుకునే సంఘాల బాట చూపిన జట్టులో 13 శాతం మంది తమవారిని చికిత్సకు తీసుకురాగలిగారు. క్రాఫ్ట్ అనే మూడో పద్ధతి నేర్చుకున్నవారిలో 64 శాతం మంది తీసుకురాగలిగారు. ఆ పద్ధతిలో నిలదీయడం ఉండదు. తాగని పూట ఆయనతో కూర్చుని భోజనం చేయడం, పిల్లలతో బయటికి పంపడం, ఆయన ఇష్టపడే పని కల్పించడం; తాగి వచ్చిన పూట గొడవ పడకుండా పక్కకు తప్పుకోవడం, కానీ తాగుడు వలన వచ్చిన అప్పును, యజమాని కోపాన్ని ఆయన బదులు మీరు మోయకపోవడం; కొట్టే ప్రమాదం ఉంటే ముందుగా మీ రక్షణ చూసుకోవడం దానిలోని పనులు. ఆసుపత్రి మాట ఎత్తడానికి కూడా సమయం ఉంటుంది. మత్తులో ఉన్నప్పుడు ఎత్తవద్దు. వణుకుతో, పశ్చాత్తాపంతో, ‘నా బ్రతుకు ఇలా అయిపోయింది’ అని తానుగా అన్న పూట, ‘ఈ వణుకు తగ్గించే వైద్యం ఉందట, నేను తోడు వస్తాను, ఒక్కసారి చూపించుకుందాం’ అనండి. అన్న రోజే బయలుదేరే ఏర్పాటు ముందుగా చేసి పెట్టుకోండి. మరునాటికి ఆ మనసు ఉండకపోవచ్చు.

గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వైద్యులు కాని స్థానిక కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చి చేసిన పరీక్షను 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. హానికరంగా తాగే 377 మంది పురుషుల్లో, ఒకటి నుండి నాలుగు సార్ల కౌన్సెలింగ్ మాటలు అందినవారిలో, మూడు నెలల నాటికి 36 శాతం మంది ప్రమాదకర తాగుడు నుండి బయటపడ్డారు. మామూలు వైద్యం అందినవారిలో 26 శాతం. మీ తమ్ముడి దశ అంతకన్నా ముదిరినది కనుక ఆయనకు మాటలొక్కటే చాలవు, కానీ మీ ఊళ్లో ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న కుర్రవాళ్ల కోసం ఈ సంగతి రాస్తున్నాను. ఎయిమ్స్ వారు నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. మిగతా ముప్పై ఏడు ఇళ్లలోనూ మీ వంటి అక్కలు, అమ్మలు ఉన్నారు. ఫోనులో మాట్లాడాలంటే వ్యసన విముక్తి సహాయ సంఖ్య 14446, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

జవాబు: తిరుపతిలో మానసిక వైద్యం చదువుతున్న వైద్యురాలు

కాలేయం వాచిందన్న సంగతి చికిత్సను మారుస్తుంది, చెప్పినందుకు మంచిది. అటువంటప్పుడు డైసల్ఫిరామ్ సాధారణంగా వాడము, నాల్‌ట్రెక్సోన్ కూడా రక్తపరీక్షలు చూశాకే నిర్ణయిస్తాము. కాలేయం గట్టిపడిన 84 మంది మీద ఇటలీలో జరిగి 2007లో ప్రచురితమైన పరీక్షలో, బాక్లోఫెన్ అనే మందు వాడినవారిలో 71 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 29 శాతం మంది తాగకుండా ఉండగలిగారు. అది చిన్న పరీక్షే. తర్వాతి పరీక్షలన్నీ అంత గొప్ప ఫలితం చూపలేదు. అయినా మీ తమ్ముడి వంటివారిలో ఆలోచించదగిన మందు. ఏది సరిపోతుందో ఆయనను చూసిన వైద్యులు నిర్ణయిస్తారు. వచ్చేటప్పుడు ఆ స్కానింగు, పాత రక్తపరీక్షల కాగితాలు, వేసుకుంటున్న నొప్పి మాత్రల అట్టలు తీసుకురండి. చివరిసారి ఎప్పుడు, ఎంత తాగారో, ఫిట్స్ తాగిన ఎన్ని గంటలకు వచ్చాయో ఒక చీటీ మీద రాసుకురండి. దారిలో వణుకు మొదలవుతుందన్న భయంతో ఆయన కొంచెం తాగి వచ్చినా ఫరవాలేదు, ఆ కారణంగా ప్రయాణం వాయిదా వేయకండి.